జీతం చీటీలో ఏముంది?

నెల నిండింది. జీతం పడింది. ఫోనుకు మెసేజీ వచ్చింది. చేతికి ఒక చిన్న కాగితం కూడా ఇచ్చారు. చాలామంది ఆడవాళ్లు ఆ కాగితంలో అట్టడుగున ఉన్న అంకె ఒక్కటే చూస్తారు. తర్వాత మడిచి టిఫిను సంచిలో పడేస్తారు. సంచి ఉతికిన రోజు ఆ కాగితం కూడా ఉతికేస్తారు.

ఆ కాగితమే జీతం చీటీ. ఫ్యాక్టరీలో దీన్ని పే స్లిప్పు అంటారు. నెలంతా నడుము నొప్పిపుట్టేలా చేసిన పనికి లెక్క అందులోనే ఉంటుంది. ఎంత ఇస్తామన్నారు? ఎంత ఇచ్చారు? మధ్యలో తగ్గింది ఎటు పోయింది? మూడింటికీ జవాబు ఆ చీటీలో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం.

హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే బస్సెక్కి పోయి పనిచేసి వస్తారు. అలాంటి ఒక ఫ్యాక్టరీలో లక్ష్మి అనే అమ్మాయి కొత్తగా చేరింది అనుకుందాం. నెలకు 13,000 రూపాయలు అని చెప్పి చేర్చుకున్నారు. నెల తిరిగింది. బ్యాంకులో 10,230 రూపాయలు పడ్డాయి. అంటే 2,770 రూపాయలు తక్కువ. లక్ష్మి గుండె గుభేలుమంది. పక్క మిషను మీద కుట్టే అక్కను అడిగింది.

"అక్కా, పదమూడు వేలు అన్నారు కదా. పది వేల రెండు వందల ముప్పయ్యే పడింది. నన్ను మోసం చేసినారా?"

"మోసమో కాదో చీటీ చూస్తే కదమ్మా తెలిసేది. చీటీ యాడ పెట్టినావు?"

"సంచిలో ఉంది. అంతా ఇంగ్లీషేనక్కా. నాకేం తెలుస్తుంది?"

"అక్షరాలు ఇంగ్లీషు. మరి అంకెలు? తెలుగు పుస్తకంలో ఉండే అంకెలే కదా ఇవి. తియ్యి, చూద్దాం."

ఆ అక్క చెప్పింది నిజమే. చీటీలో అంకెలు మనం నేర్చుకున్న అంకెలే. కూడికలు, తీసివేతలు వస్తే సగం చీటీ చదివినట్టే. మిగతా సగం కొన్ని పేర్లు. ఆ పేర్లు పదికి మించవు.

లక్ష్మి చీటీని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

నెల జీతం (బేసిక్, కరువు భత్యం కలిపి) – 13,000
పనికి రాని రోజులు 2, దానికి తగ్గింది – 1,000
సంపాదించిన జీతం – 12,000
పి.ఎఫ్. – 1,440
ఈ.ఎస్.ఐ. – 90
క్యాంటీను – 240
కోతలు మొత్తం – 1,770
చేతికి వచ్చింది – 10,230

చాలా చీటీల్లో ఎడమ పక్క సంపాదించింది ఉంటుంది. దాన్ని ఎర్నింగ్స్ అంటారు. కుడి పక్క కోతలు ఉంటాయి. వాటిని డిడక్షన్స్ అంటారు. కింద మిగిలింది ఉంటుంది. అది నెట్ పే. ఎడమ పక్క మొత్తంలోంచి కుడి పక్క మొత్తం తీసేస్తే కింది అంకె రావాలి. బ్యాంకులో పడిన డబ్బు కూడా అంతే ఉండాలి. ముందు ఈ ఒక్కటి సరిచూసుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్క వరుసా చూద్దాం.

రాని రోజులు

లక్ష్మి ఆ నెలలో రెండు రోజులు పనికి పోలేదు. పిల్లకు జ్వరం వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లది నెలకు 26 పని రోజుల లెక్క. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500 వస్తుంది. రెండు రోజులకు 1,000 తగ్గింది. ఇది లెక్క ప్రకారం సరైనదే.

కానీ రెండు రోజులే పోలేదు అని లక్ష్మికి గుర్తుంది కాబట్టి సరిపోయింది. చీటీలో మూడు రోజులు అని పడి ఉంటే? "కాదు, రెండే" అని చెప్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. గోడ మీది క్యాలెండరు దీనికి పనికొస్తుంది. పనికి పోయిన రోజు ఒక గీత పెట్టుకోవాలి. ఎక్కువ గంటలు చేసిన రోజు పక్కన ఎన్ని గంటలో రాసుకోవాలి. నెలాఖరున చీటీని, క్యాలెండరును పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

పావుగంట ఆలస్యం అయిందని అరపూట జీతం కోసే చోట్లు ఉన్నాయి. అది చట్టానికి విరుద్ధం. పనిలో లేని సమయం ఎంతో, కోత కూడా అంతకే ఉండాలి. లక్ష్మికి రోజుకు 500, ఎనిమిది గంటల పని. గంటకు 62 రూపాయల 50 పైసలు అవుతుంది. గంట రాకపోతే ఆ గంట డబ్బే తగ్గాలి.

పి.ఎఫ్. అంటే ఏమిటి?

చీటీలో అన్నిటికన్నా పెద్ద కోత ఇది. కొత్తగా చేరినవాళ్లకు కోపం తెప్పించేది కూడా ఇదే. "నాకు పి.ఎఫ్. వద్దు సార్, ఆ డబ్బు నా చేతికివ్వండి" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఎందుకు వద్దనకూడదో చూద్దాం.

పి.ఎఫ్. అంటే ప్రావిడెంట్ ఫండు. తెలుగులో భవిష్య నిధి. దీనికి 1952లో చట్టం చేశారు. 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పి.ఎఫ్. ఉండాలి.

కోత ఎంత? నూటికి 12 రూపాయలు. వెయ్యికి 120. లక్ష్మి సంపాదించింది 12 వేలు. 12 సార్లు 120 అంటే 1,440. చీటీలో ఉన్నదీ అదే. సరిపోయింది.

ఇక్కడ చీటీలో సరిగ్గా కనిపించని సంగతి ఒకటి ఉంది. లక్ష్మి 1,440 కడితే, యజమాని కూడా 1,440 కట్టాలి. అది తన డబ్బులోంచి కట్టాలి. ఆ 1,440లో 1,000 రూపాయలు పింఛను ఖాతాకు పోతాయి. మిగతా 440 లక్ష్మి పి.ఎఫ్. ఖాతాలో చేరతాయి. అంటే ఆ నెల ఆమె పి.ఎఫ్. ఖాతాలో పడేది 1,440 కాదు, 1,880. పింఛనుకు పోయే వెయ్యి వేరే. పి.ఎఫ్. వద్దంటే తన 1,440 చేతికి వస్తుందేమో గానీ, యజమాని ఇచ్చే 1,440 పోతుంది. వద్దన్నవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

నెలకు 1,880 చొప్పున ఏడాదికి 22,560 రూపాయలు అవుతుంది. దీని మీద వడ్డీ కూడా ఇస్తారు. 2024–25 సంవత్సరానికి వడ్డీ నూటికి 8 రూపాయల 25 పైసలు ఇచ్చారు. ఇది ఏడాది వడ్డీ. ఊళ్లో నెలకు నూటికి రెండు, మూడు చొప్పున తెచ్చుకునే వడ్డీతో దీన్ని కలపకూడదు.

పింఛను సంగతి ఏమిటి? మొత్తం పదేళ్ల ఉద్యోగం ఉంటే, 58 ఏళ్లు నిండాక నెలనెలా పింఛను వస్తుంది. చివరి అయిదేళ్ల జీతం సగటును ఉద్యోగం చేసిన ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. సగటు 12,000, ఉద్యోగం 14 ఏళ్లు అయితే నెలకు 2,400 వస్తుంది. పెద్ద డబ్బేమీ కాదు. అయినా 58 ఏళ్ల ఆడమనిషికి మందులకు కొడుకును అడిగే పని తప్పుతుంది.

పదేళ్లు ఒకే ఫ్యాక్టరీలో చేయాలా? అక్కర్లేదు. మూడేళ్లు ఒక చోట, నాలుగేళ్లు ఒక చోట, మళ్లీ మూడేళ్లు ఇంకో చోట చేసినా కలుపుతారు. పెళ్లికో కాన్పుకో మానేసి కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేరినా పాత ఏళ్లు కలుస్తాయి. కానీ ఒక షరతు. మానేసిన ప్రతిసారీ పింఛను డబ్బుతో సహా మొత్తం తీసేసుకుంటే ఆ ఏళ్లు పోయినట్టే. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆడవాళ్ల విషయంలో ఎక్కువగా జరిగేది ఇదే. పెళ్లి ఖర్చుకని తీస్తారు. చిన్న మొత్తమే వస్తుంది. పోయిన ఏళ్లు తిరిగి రావు.

ఇంకొకటి. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే, ఆ కుటుంబానికి పి.ఎఫ్. ద్వారానే బీమా డబ్బు వస్తుంది. జీతాన్ని బట్టి 7 లక్షల రూపాయల దాకా ఉంటుంది. ఈ బీమాకు కార్మికుల జీతంలోంచి పైసా కోయరు. యజమానే కడతాడు. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో ముందుగా రాసి ఉంచాలి. దాన్నే నామినీ అంటారు. పెళ్లి కాకముందు తల్లి పేరు రాయించినవాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ రాయించుకోవాలి.

పన్నెండు అంకెల నంబరు

పి.ఎఫ్. డబ్బు ఎక్కడ ఉంటుంది? ఫ్యాక్టరీ బీరువాలో ఉండదు. ప్రభుత్వ పి.ఎఫ్. సంస్థలో ఒక నంబరు కింద ఉంటుంది. ఆ నంబరును యు.ఏ.ఎన్. అంటారు. దానికి 12 అంకెలు. 2014 నుంచి ఈ పద్ధతి వచ్చింది. మనిషికి ఒకటే నంబరు. ఎన్ని ఉద్యోగాలు మారినా అదే నంబరు.

జీతం చీటీలో యు.ఏ.ఎన్. రాసి ఉంటుంది. పన్నెండు అంకెలు లెక్కపెట్టి చూస్తే దొరుకుతుంది. ఆధారుకు కూడా 12 అంకెలే. రెండూ ఒకటి కావు. ఆ నంబరును నోటు పుస్తకంలో ఒకసారి, ఇంట్లో గట్టి కాగితం మీద ఒకసారి రాసి పెట్టుకోవాలి. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు "మీకు పాత పి.ఎఫ్. ఉందా?" అని అడుగుతారు. చాలామంది "లేదు" అనేస్తారు. గొడవ తెగిపోతుందని అనుకుంటారు. పాత డబ్బు అక్కడే ఉండిపోతుంది, కొత్తది వేరే చేరుతుంది. ఏళ్లు కలవవు. "ఉంది, ఇదిగో నంబరు" అని చెప్పాలి.

చేరిన రోజు కాగితాలు నింపేది సాధారణంగా ఆఫీసు గుమాస్తా. తొందరలో నింపుతాడు. అక్కడ మూడు సంగతులు దగ్గరుండి చూసుకోవాలి.

పేరు ఆధారు కార్డులో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆధారులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు, ఫ్యాక్టరీ కాగితంలో ఇంటిపేరే లేకుండా ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో. పేరు ఒక అక్షరం తేడా ఉన్నా, పుట్టిన తేదీ తేడా ఉన్నా డబ్బు తీసుకునే రోజు ఆగిపోతుంది. అప్పుడు దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది. చేరిన మొదటి నెలలోనే దిద్దించుకుంటే తేలిక.

రెండోది ఫోను నంబరు. భర్తదో, తమ్ముడిదో రాయిస్తారు. అప్పుడు డబ్బు పడిందన్న మెసేజీ ఆ ఫోనుకే పోతుంది. డబ్బు తీయడానికి వచ్చే ఓ.టి.పి. కూడా ఆ ఫోనుకే పోతుంది. కష్టం ఒకరిది, తాళంచెవి ఇంకొకరి దగ్గర. తన పేరు మీద తన ఫోను ఉంటే ఆ నంబరే రాయించాలి.

మూడోది బ్యాంకు ఖాతా. అది ఆమె పేరు మీదే ఉండాలి.

డబ్బు నిజంగా పడుతున్నదా?

జీతంలో కోశారు. మరి కట్టారా? ఇది అడగవలసిన ప్రశ్న. కోసిన డబ్బును, తన వాటాను కలిపి యజమాని తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. కోసి కట్టకపోవడం నేరం. చీటీలో 1,440 అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన కట్టినట్టు కాదు.

చూసుకునే దారి సులువే. యు.ఏ.ఎన్.కు కలిపిన ఫోను నుంచి 9966044425 నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండు రింగులయ్యాక అదే ఆగిపోతుంది. ఖర్చు లేదు. చివరగా ఎంత పడింది, మొత్తం ఎంత ఉంది అని మెసేజీ వస్తుంది. రాకపోతే నంబరు ఇంకా ఆధారుతో, బ్యాంకుతో కలవలేదని అనుమానించాలి. ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో పి.ఎఫ్. పాసుపుస్తకం నెలనెలా వరుసగా చూడొచ్చు. బడికి పోయే పిల్లలు ఇంట్లో ఉంటే యాప్ తెరిచి పెడతారు. అంకెలు మాత్రం తల్లే చదువుకోవాలి.

ఈ.ఎస్.ఐ.

చీటీలో ఇది చిన్న కోత. లక్ష్మికి 90 రూపాయలు. నూటికి ముప్పావలా అన్నమాట. వెయ్యికి ఏడున్నర రూపాయలు. 12 వేలకు 90. యజమాని నూటికి మూడు రూపాయల పావలా కట్టాలి. అంటే 390. 2019 జూలైకి ముందు కార్మికుల వాటా నూటికి 1 రూపాయి 75 పైసలు ఉండేది. అప్పటి నుంచి తగ్గించారు. 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఈ.ఎస్.ఐ. ఉండాలి. జీతం హద్దును 2017 జనవరిలో 15,000 నుంచి 21,000కు పెంచారు.

ఈ 90 రూపాయలకు ఏం వస్తుంది?

చేరిన రోజు నుంచే వైద్యం వస్తుంది. ఆమెకే కాదు, భర్తకు, పిల్లలకు, ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా. ముందు దగ్గరలోని ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి పోవాలి. పెద్ద జబ్బు అయితే వాళ్లు పెద్ద ఆసుపత్రికి పంపుతారు. హైదరాబాదు సనత్‌నగర్‌లో, విశాఖపట్నంలో, తిరుపతిలో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రులు ఉన్నాయి. లైను పొడుగు, మందులు ఒక్కోసారి ఉండవు అని జనం చెప్పుకునే మాట నిజమే. అయినా ఆపరేషనుకు లక్ష రూపాయలు అప్పు చేయడం కన్నా ఒక పూట లైనులో నిలబడడం నయం.

వైద్యం ఒక్కటే కాదు. జబ్బు చేసి పనికి పోలేకపోతే, డాక్టరు సర్టిఫికెట్ మీద, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 చొప్పున డబ్బు ఇస్తారు. దీనికి అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. లక్ష్మి పిల్లకు జ్వరం వచ్చి మానేసిన రెండు రోజులు ఇందులోకి రావు. ఇది కార్మికురాలికి జబ్బు చేసినప్పుడు మాత్రమే.

కాన్పు సంగతి తప్పక తెలుసుకోవాలి. మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు. ఆ రోజులకు పూర్తి జీతం లెక్కన ఈ.ఎస్.ఐ. డబ్బు ఇస్తుంది. అంతకుముందటి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులకు చందా కట్టి ఉంటే చాలు. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. నెలకు 13,000 జీతం అయితే ఆరు నెలలకు 78,000 రూపాయలు. ఇది తెలియక ఏడో నెలలో "మానేస్తున్నా" అని కాగితం రాసిచ్చి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. మానేయనక్కర్లేదు. సెలవు పెట్టాలి. గర్భంతో ఉందని ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఈ.ఎస్.ఐ.కి కూడా ఒక నంబరు ఉంటుంది. దానికి పది అంకెలు. ఉద్యోగం మారినా అదే నంబరు చెప్పాలి. చేరినప్పుడే భర్త, పిల్లల పేర్లు రాయించాలి. జబ్బు వచ్చాక రాయిద్దాంలే అనుకుంటే ఆసుపత్రి కిటికీ దగ్గర ఇబ్బంది పడాల్సి వస్తుంది.

మిగతా కోతలు

లక్ష్మి చీటీలో క్యాంటీను 240 ఉంది. 24 రోజులు, రోజుకు 10. అన్నం తిన్నది కాబట్టి సరే. బస్సుకు కోసే చోట బస్సు అని ఉంటుంది. అడ్వాన్సు తీసుకుంటే అది కూడా కోస్తారు. ఎంత తీసుకున్నది, ఇంకా ఎంత మిగిలింది చీటీలో చూసుకోవాలి.

వృత్తి పన్ను అని ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నెల జీతం 15,000 దాకా ఈ పన్ను లేదు. 15,000 దాటితే 150 రూపాయలు, 20,000 దాటితే 200 రూపాయలు. లక్ష్మికి 13,000 కాబట్టి ఆ వరుసలో సున్నా ఉండాలి. అక్కడ 150 అని ఉంటే అడగాలి.

జరిమానా వేస్తే దానికి హద్దు ఉంది. నెల జీతంలో నూటికి మూడు మించకూడదు. 13,000కు 390. వేసే ముందు ఆమె చెప్పేది వినాలి. వేసిన 90 రోజుల తర్వాత వసూలు చేయకూడదు. కత్తెర, సూది, దారం వంటివి పనికి కావలసిన సామాను. వాటి ఖర్చు కార్మికురాలి మీద వేయకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

ఇంకో మాయ ఉంది. చేర్చుకునేటప్పుడు "నెలకు 15,000" అంటారు. చీటీలో చూస్తే పి.ఎఫ్. రెండుసార్లు కోసి ఉంటుంది. ఒకటి కార్మికురాలి వాటా, ఒకటి యజమాని వాటా. అడిగితే "అంతా కలిపి 15,000 అన్నాం కదా, అది సి.టి.సి." అంటారు. సి.టి.సి. అంటే యజమానికి అయ్యే మొత్తం ఖర్చు. అది జీతం కాదు. ఒప్పుకున్న జీతంలోంచి యజమాని తన వాటాను కోయకూడదు. చేరేటప్పుడే అడగాలి: "సార్, మీరు చెప్పేది సి.టి.సి.నా, జీతమా? చేతికి ఎంత వస్తుంది?"

బేసిక్‌ను చిన్నగా చూపించి, మిగతా జీతాన్ని రకరకాల భత్యాలుగా రాసే అలవాటు కూడా ఉంది. బేసిక్ తగ్గితే పి.ఎఫ్. తగ్గుతుంది, కాన్పు డబ్బూ తగ్గుతుంది. దేశంలో 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటి 2019లో చేసిన వేతనాల కోడు. భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరకు దాన్ని కూడా వేతనంగానే లెక్కగట్టాలని కొత్త చట్టం చెబుతున్నది.

ఆ కోడు ప్రకారం జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. కాగితం మీదైనా ఇవ్వాలి, ఫోనుకైనా పంపాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా పడాలి. ఎక్కువ గంటలు చేయిస్తే రెట్టింపు ఇవ్వాలి. లక్ష్మి గంటకు 62 రూపాయల 50 పైసలు సంపాదిస్తే ఓ.టి. గంటకు 125 రావాలి.

ఎవరిని అడగాలి?

మొదట ఫ్యాక్టరీలో జీతాలు చూసే ఆఫీసులోనే అడగాలి. చీటీ చేతిలో పెట్టుకుని, వరుస మీద వేలు పెట్టి "ఇది దేనికి?" అని అడగాలి. ఊరికే "డబ్బు తక్కువ పడింది" అంటే "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా" అని పంపేస్తారు. ఒక్కరుగా పోవడానికి జంకు అనిపిస్తే నలుగురు కలిసి పోవాలి. ఒకరి చీటీలో ఉన్న తప్పు సాధారణంగా మిగతావాళ్ల చీటీల్లోనూ ఉంటుంది.

కాంట్రాక్టరు ద్వారా చేరినవాళ్ల చీటీ మీద కాంట్రాక్టరు పేరు ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లు "మాకు సంబంధం లేదు" అంటారు. సంబంధం ఉంది. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోయినా, పి.ఎఫ్. కట్టకపోయినా పని చేయించుకున్న కంపెనీ బాధ్యత పడాలి.

అక్కడ తేలకపోతే పి.ఎఫ్. సంగతి పి.ఎఫ్. కార్యాలయానికి చెప్పాలి. కడప, గుంటూరు, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, హైదరాబాదు, వరంగల్ వంటి చోట్ల ఈ కార్యాలయాలు ఉన్నాయి. 2023 జనవరి నుంచి ప్రతి నెల 27వ తేదీన జిల్లాల్లో కూడా పి.ఎఫ్. అధికారులు వచ్చి కూర్చుంటున్నారు. ఆ రోజు సెలవైతే మరుసటి పని రోజున వస్తారు. జీతం తక్కువ ఇచ్చినా, అక్రమంగా కోసినా కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ ఇవ్వాలి. దీనికి మూడేళ్ల గడువు ఉంది. చాలామందిది ఒకే సమస్య అయితే అందరూ కలిసి ఒకటే అర్జీ ఇవ్వొచ్చు. అర్జీకి జతపరచడానికి కావలసినవి ఆ నెలల చీటీలే. అందుకే చీటీలను తేదీ వరుసలో దారంతో కుట్టి, రేషను కార్డు పెట్టే చోట పెట్టుకోవాలి. ఫోనులో వచ్చిన చీటీ అయితే నెట్ సెంటరులో అచ్చు తీయించుకోవాలి. ఫోను పోతే అవీ పోతాయి.

ఉద్యోగం మానేసేటప్పుడు కూడా పని మిగిలి ఉంటుంది. మానేసిన రెండు పని రోజుల్లో రావలసిన జీతం మొత్తం ఇచ్చేయాలి. పి.ఎఫ్.లో ఆమె మానేసిన తేదీని యజమాని నమోదు చేయాలి. ఆ తేదీ పడకపోతే పాత ఖాతా కొత్త ఉద్యోగానికి మారదు, డబ్బు తీయడానికీ కుదరదు. యజమాని వేయకపోతే, చివరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక ఆధారుకు కలిపిన ఫోను సాయంతో ఆమే ఆ తేదీని వేసుకోవచ్చు.